బాత్రూమ్ కబోర్డులో దీపం, సాకెట్, టచ్ అద్దం: ఏది పెట్టించుకోవచ్చు, ఏది వద్దు

మా ఇంట్లో వాష్ బేసిన్ కింద కబోర్డు తలుపు తీయగానే తడిసిన ప్లైవుడ్ వాసన వచ్చింది. ఫినాయిల్ సీసా, పాత బ్రష్షులు పక్కకు జరిపి ఫోను వెలుతురులో చూశాను. బేసిన్ కింది వంపు గొట్టం (ట్రాప్) జాయింటు దగ్గర నీటిబొట్టు కట్టి, నిమిషానికొకటి చొప్పున జారుతోంది. సరిగ్గా దాని కింద, డబుల్ టేపుతో చెక్కకు అంటించిన తెల్లని ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంది. పైన అద్దం కబోర్డులో వెలిగే ఎల్.ఇ.డి. పట్టీకి వోల్టులు తగ్గించి ఇచ్చే డ్రైవర్ అదే. దాని మీద సన్నటి అక్షరాలతో రెండు సంగతులు రాసి ఉన్నాయి: లోపలికి వచ్చే కరెంటు 220-240 వోల్టులు, రక్షణ ఐ.పి.20. మెయిన్ బోర్డులో ఎం.సి.బి. స్విచ్చు దించి, జాయింటుకు చుట్టిన నల్ల టేపు విప్పితే రాగితీగ నిండా పచ్చటి చిలుము.

ఎవరికీ షాక్ కొట్టలేదు. అద్దంలో దీపం నాలుగు రోజులుగా మినుకుమినుకుమంటోందన్నదే ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ టేపును చూసి, "ఇంకో రెండు చుట్లు వేస్తే సరిపోతుంది సార్" అన్నాడు. ఐ.పి. తర్వాత వచ్చే రెండంకెల్లో మొదటిది దుమ్ము, వేళ్లు లోపలికి పోకుండా కాపాడేది. రెండోది నీటి సంగతి. అక్కడ సున్నా ఉందంటే నీటి నుంచి ఆ పెట్టెకు ఏ రక్షణా లేదని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు. దాన్ని తెచ్చి ట్రాప్ కింద పెట్టారు.

ఇంటీరియర్ పని చేయించుకునేటప్పుడు మనం ఎంచుకునేది దీపాన్ని. తెలుపా పసుపా, అద్దం చుట్టూనా అర లోపలా, చేయి ఊపితే వెలగాలా తలుపు తీస్తే వెలగాలా అని గంటసేపు చర్చిస్తాం. అసలు ఎంచుకోవలసింది వేరే ఉంది. 230 వోల్టులు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోవాలన్నది ముందు తేల్చాలి. అది తేలితే ఏ దీపం కొనాలన్నది పది నిమిషాల పని.

మన బాత్రూమ్ తీరు వేరు

తడిగదుల వైరింగుకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐ.ఇ.సి. 60364లో 701వ విభాగం. అది గదిని జోన్లుగా విడదీస్తుంది. టబ్బు లేదా షవర్ తొట్టి లోపలి భాగం జోన్ 0. దాని పైన నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకూ జోన్ 1. అక్కడి నుంచి పక్కకు మరో 60 సెంటీమీటర్లు జోన్ 2. జోన్ 0లో నీట మునిగినా తట్టుకునే ఐ.పి.ఎక్స్7 సామాను కావాలి. మిగతా రెండింటిలో నాలుగు వైపుల నుంచి చిందే నీటిని ఆపే ఐ.పి.ఎక్స్4 ఉండాలి. పైపుతో నీళ్లు కొట్టి కడిగే చోటైతే ఐ.పి.ఎక్స్5.

ఈ లెక్క టబ్బులో పడుకుని స్నానం చేసేవాళ్లకు బాగా కుదురుతుంది. మన స్నానం అలా ఉండదు. బకెట్టు, చెంబు, గోడకు షవర్, కమోడ్ పక్కన జెట్ స్ప్రే. ఇవి చాలవన్నట్టు వారానికోసారి గోడల మీద నాలుగు చెంబులు గుమ్మరించి బ్రష్షుతో రుద్దడం. తొట్టి లేని షవర్ గదికి ఆ ప్రమాణమే వేరే కొలత చెబుతుంది: నీళ్లు వచ్చే చోటు నుంచి 1.2 మీటర్లు, అంటే దాదాపు నాలుగడుగులు, అంతా జోన్ 1. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటుంది. షవర్ ఒక చివర గోడకు ఉంటే, ఆ నాలుగడుగులు పోగా తలుపు దగ్గర మూడడుగులు మిగులుతాయి. వాష్ బేసిన్, దాని పైన అద్దం కబోర్డు, కింద చెక్క కబోర్డు అన్నీ ఆ మూడడుగుల్లోనే సర్దుకోవాలి. జెట్ స్ప్రే గొట్టం ఎటు చాపితే అటు వస్తుంది కాబట్టి ఆ మూడడుగులనూ పొడిగా లెక్క వేయడానికి నాకు ధైర్యం చాలదు.

పైగా కబోర్డు తలుపు నీటికి అడ్డం కాదు. వేడినీళ్ల స్నానం అయ్యాక గదిలోని ఆవిరి సందుల గుండా లోపలికి పోయి, చల్లటి గోడకు ఆనుకున్న వెనక పలక మీద నీరుగా దిగుతుంది. తలుపు తీసేది తడి చేతులతో. పక్కింటి బాత్రూమ్ పైపు కారినా ఆ తడి తేలేది ఈ గోడలోనే. అందుకే నా లెక్కలో మన బాత్రూమ్ కబోర్డు లోపలి భాగం, దాని బయట తడిసే గోడ రెండూ ఒకటే.

నాలుగు దారులు

మొదటిది బ్యాటరీ దీపం. తలుపు తీస్తే వెలిగే చిన్న సెన్సర్ పట్టీ, అయస్కాంతంతో అతుక్కునేది, పగలు ఊడదీసి హాల్లో ఛార్జింగు పెట్టుకునేది. ఇంటీరియర్ వాళ్లకు ఇది నచ్చదు. ఇందులో వాళ్లకు పనేమీ లేదు. నాకు మాత్రం బేసిన్ కింద అరకు ఇంతకంటే మంచి దీపం కనబడలేదు. ఆ అరలో మనం వెతికేది సబ్బు, బ్లీచింగ్ పొడి. రోజుకు రెండు నిమిషాలు వెలిగితే చాలు. అద్దం ముందు గడ్డం గీసుకోవడానికి మాత్రం దీని వెలుతురు సరిపోదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఛార్జింగు వైరును బాత్రూమ్‌లోకి తీసుకురాకండి. దీపమే బయటికి రావాలి.

రెండోది 12 లేదా 24 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీ. దీనికి డ్రైవర్ గది బయట ఉండాలి. అద్దం కబోర్డుకు నేను ఓటు వేసేది దీనికే. ఇది ఎంత సులువో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న అద్దం చుట్టుకొలత తొమ్మిదడుగులు, అంటే సుమారు 2.7 మీటర్లు. మీటరుకు 4.8 వాట్లు లాగే మామూలు పట్టీ వేస్తే మొత్తం 13 వాట్లు, 12 వోల్టుల దగ్గర 1.1 ఆంపియర్లు. డ్రైవర్ ఐదు మీటర్ల దూరంలో, పడకగదిలో స్విచ్ బోర్డు వెనకో కారిడార్ ఫాల్స్ సీలింగ్‌లోనో ఉన్నా, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది పావు వోల్టుకు కాస్త అటూ ఇటూ. కంటికి తేడా తెలియదు. "డ్రైవర్ దగ్గరలోనే ఉండాలి సార్, లేకపోతే డిమ్ అవుతుంది" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. 24 వోల్టుల పట్టీ తీసుకుంటే కరెంటు సగమవుతుంది, ఆ పావు వోల్టు కూడా సగానికి పడిపోతుంది.

ఇందులో రెండు మోసాలు ఉన్నాయి. పట్టీ పెట్టె మీద ఐ.పి.65 అని పెద్దగా ఉంటుంది. అది పట్టీకి చెప్పిన మాట, డ్రైవర్‌కు కాదు. పైగా పట్టీని కొలతకు కత్తిరించిన మరుక్షణం కోసిన చివర తెరుచుకుంటుంది. అక్కడ సిలికాన్ పూసి మూత బిగించకపోతే ఆ 65 కాగితం మీదే ఉంటుంది. రెండో సంగతి, 12 వోల్టులు ఇచ్చే ప్రతి డ్రైవరూ సురక్షితం కాదు. లోపల 230 వోల్టుల వైపూ 12 వోల్టుల వైపూ పూర్తిగా విడివిడిగా ఉండాలి. అలా ఉన్నదానికి ఎస్.ఇ.ఎల్.వి. అన్న అక్షరాలు ఉంటాయి. ఆ గుర్తు లేని చవక డ్రైవర్‌లో ఇన్సులేషన్ చెడితే 12 వోల్టులనుకుని ముట్టుకున్న తీగలో 230 ఉండవచ్చు. ఆ గుర్తు ఉన్న డ్రైవర్ మీద ప్రమాణానికి ఎంత నమ్మకమంటే, జోన్ 0లో కూడా 12 వోల్టుల ఎ.సి., 30 వోల్టుల డి.సి. వరకూ అనుమతిస్తుంది. కానీ డ్రైవర్ మాత్రం ఆ జోన్ల బయటే ఉండాలంటుంది.

డ్రైవర్‌ను ఇరుకు పెట్టెలో బిగించి మూసేస్తే వేడెక్కి త్వరగా పోతుంది. గాలి తగిలే చోట, స్టూలు వేసుకుంటే చేయి అందే చోట పెట్టించండి. ఏళ్లు గడిచాక మార్చవలసి వచ్చేది పట్టీ కంటే ముందు డ్రైవరే.

మూడోది 230 వోల్టులు నేరుగా వచ్చే సామాను. ఇప్పుడు అందరూ ఆన్‌లైన్‌లో కొంటున్న టచ్ అద్దాలు చాలావరకు ఈ కోవవే. ముందు వైపు నున్నటి గాజు, వేలితో తాకితే వెలుగుతుంది. వెనక తిప్పి చూస్తే డ్రైవర్ అక్కడే అంటించి ఉంటుంది. ఆవిరి పట్టకుండా గాజును వెచ్చబెట్టే పలుచటి హీటర్ షీటు కూడా దాని పక్కనే ఉంటుంది, దానికి తరచుగా 230 వోల్టులే. వీటిని కొనవద్దనను. కొనేముందు వెనక లేబుల్ ఫోటో అడగండి. ఐ.పి.44 ఉండాలి. చతురస్రంలో చతురస్రం ఉన్న గుర్తు కనబడితే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న సామాను, దానికి ఎర్త్ వైరు అక్కర్లేదు. ఆ గుర్తు లేక ఇనుప లేదా అల్యూమినియం ఫ్రేము ఉంటే ఎర్త్ వైరు తప్పనిసరి. బిగించేవాళ్లు ఆకుపచ్చ వైరును కత్తిరించి టేపు చుట్టి వదిలేస్తున్నారేమో దగ్గరుండి చూడండి. గోడలో మూడో వైరు లేకపోతే జరిగేది అదే. లేబుల్ ఫోటో పంపలేని అమ్మకందారు దగ్గర ఆ అద్దం కొనకండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

నాలుగోది కబోర్డులో సాకెట్. ట్రిమ్మర్, ఎలక్ట్రిక్ బ్రష్షు, హెయిర్ డ్రయ్యర్ కోసం అడుగుతారు. నా సమాధానం వద్దు. ట్రిమ్మర్లు, బ్రష్షులు ఇప్పుడు బ్యాటరీతో నడుస్తున్నాయి, పడకగదిలో ఛార్జింగు పెట్టుకోవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌కు 1000 నుంచి 2000 వాట్లు కావాలి. దాన్ని తడి చేతితో తడి నేల మీద నిలబడి వాడటం కంటే డ్రెస్సింగ్ టేబుల్ ముందుకు నడవడం తేలిక. అసలు కారణం వేరే ఉంది. బాత్రూమ్‌లో సాకెట్ ఉందంటే, ఏదో ఒక మాఘమాసపు ఉదయం గీజరు పనిచేయని రోజున, అటక మీది వాటర్ హీటర్ రాడ్డు కిందికి దిగుతుంది. ఇనుప బకెట్టులో పడి ఆ సాకెట్‌కే తగులుకుంటుంది. మనం ట్రిమ్మర్ కోసం పెట్టించాం, మన అత్తగారికో పనిమనిషికో ఆ సంగతి తెలియదు. సాకెట్ కనబడితే వాడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

బ్రిటన్‌లో, అమెరికాలో చూసి వచ్చినవాళ్లకు

ఈ సాకెట్ విషయంలో విదేశాల నుంచి వచ్చిన పిల్లలు తల్లిదండ్రులతో వాదిస్తారు. "మా ఇంట్లో బేసిన్ పక్కనే ఉంది కదా" అంటారు అమెరికా వాళ్లు. నిజమే. అక్కడి కోడ్ ప్రకారం బేసిన్ అంచు నుంచి మూడడుగుల లోపు సాకెట్ ఉండి తీరాలి, దాన్ని బేసిన్ కబోర్డు పక్కకో ముందుకో కూడా బిగించవచ్చు. కానీ అక్కడ ఉన్నది 120 వోల్టులు. ఆ సాకెట్‌కు జి.ఎఫ్.సి.ఐ. ఉంటుంది. 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే చాలు, కరెంటును కోసేస్తుంది. బాత్రూమ్ సాకెట్లకు దాన్ని 1975లోనే తప్పనిసరి చేశారు.

మనలాగే 230 వోల్టులు వాడే బ్రిటన్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. మామూలు సాకెట్ జోన్ 1 అంచు నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండాలన్నారు. 2022 సవరణలో దాన్ని రెండున్నర మీటర్లకు తగ్గించారు. మామూలు ఇళ్లలో బాత్రూమ్ అంత పెద్దది ఉండదు కాబట్టి సాకెట్ ఉండదన్నట్టే. షేవర్‌కు మాత్రం వేరే సాకెట్ ఉంది. దాని లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును ఎర్త్ నుంచి విడదీస్తుంది, ఇచ్చే శక్తి 20 నుంచి 50 వోల్ట్-ఆంపియర్లు మాత్రమే. దానికి రాడ్డు తగిలించినా ఏమీ వేడెక్కదు. గది లోపల గోడ స్విచ్చు బదులు పైకప్పు నుంచి వేలాడే తాడు ఉంటుంది. తప్పదు, కబోర్డులో సాకెట్ ఉండే తీరాలి అనేవాళ్లు అలాంటి షేవర్ సాకెట్ తెప్పించుకుని, షవర్‌కు వీలైనంత దూరంగా పెట్టించుకోండి. అంతకుమించి రాజీ నాకు తెలియదు.

స్విచ్చు సంగతిలో మన పాత అలవాటే మంచిది. బాత్రూమ్ లైటు స్విచ్చు, గీజరు స్విచ్చు తలుపు బయట ఉండే పద్ధతిని "మోడరన్" పేరుతో మార్చవద్దు.

వెనక కాపలా ఎవరిది

పైన చెప్పిన వాటిలో ఏది పెట్టించినా ఇంటి మెయిన్ స్విచ్చులుండే డి.బి. బోర్డులో ఏముందో చూడాలి. ఎం.సి.బి. ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎం.సి.బి. కాపాడేది వైరును, మనిషిని కాదు. 10 ఆంపియర్ల ఎం.సి.బి. పడాలంటే 10 ఆంపియర్లు దాటాలి. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు కంటే తక్కువ చాలు. చర్మం తడిగా ఉన్నప్పుడు ఒంటి నిరోధం బాగా పడిపోతుంది, అంత కరెంటు పారడం కష్టమేమీ కాదు.

మనిషిని చూసేది ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని అది లెక్క చూస్తుంటుంది. తేడా వస్తే ఎక్కడో ఎవరి ఒంటి గుండానో భూమిలోకి పోతోందని అర్థం. బాత్రూమ్‌కు 30 మిల్లీ ఆంపియర్లది కావాలి. దుకాణంలో 100, 300 కూడా ఇస్తారు. 300ది ఇల్లు తగలబడకుండా చూడటానికి, 100 కూడా మనిషికి ఎక్కువే. 30ది కూడా అన్నిటినీ ఆపలేదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది, అది పడదు.

ఇల్లంతటికీ ఒకే ఆర్.సి.సి.బి. కావాలా, బాత్రూమ్‌కు విడిగా ఆర్.సి.బి.ఓ. కావాలా? విడిగా పెట్టించడమే మేలు. ఆర్.సి.బి.ఓ. అంటే ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. రెండూ ఒకే పెట్టెలో ఉన్నట్టు. ఖర్చు కొంచెం ఎక్కువ. అయితే ఇల్లంతటికీ ఒకటే ఉంటే, బోరు నీళ్లలోని ఉప్పు పట్టి గీజరు ఎలిమెంటు లీకయినప్పుడు ఇల్లంతా చీకటవుతుంది. రెండుసార్లు అలా జరిగితే ఎవరో ఒకరు విసిగిపోయి ఆ ఆర్.సి.సి.బి.ని బైపాస్ చేయిస్తారు. అలా బైపాస్ అయిన ఇళ్లు నేను చూశాను. బోర్డులో అది దర్జాగా కనబడుతుంది, వైర్లు మాత్రం దాని పక్క నుంచి పోతుంటాయి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. బాత్రూమ్ లైటు లైను సాధారణంగా ఇన్వర్టర్ మీదే ఉంటుంది. ఆర్.సి.సి.బి. మెయిన్ వైపు మాత్రమే ఉంటే, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ లైనుకు కాపలా లేకపోవచ్చు. ఇన్వర్టర్ నుంచి బయటికి వచ్చే లైనుకు కూడా ఒకటి ఉందా అని అడగండి. ఇన్వర్టర్ న్యూట్రల్‌నూ మెయిన్ న్యూట్రల్‌నూ కలిపేస్తే అది ఊరికే పడుతుంటుంది, దాన్ని సరిచేయడం మానేసి పీకేస్తారు. పాత ఇంట్లో ఎర్తింగ్ లేదని న్యూట్రల్‌ను తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపేవాళ్లూ ఉన్నారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే అద్దం ఫ్రేముకే ఫేజు వస్తుంది. దానికంటే ఎర్త్ లేకుండా ఆర్.సి.సి.బి. ఒక్కటే ఉండటం నయం, షాక్ తగిలినా కరెంటును వెంటనే కోస్తుంది.

ఇప్పటికే పెట్టించేసి ఉంటే

కొత్త పని అయితే వడ్రంగి కంటే ముందు ఎలక్ట్రీషియన్ రావాలి. కబోర్డు బిగించాక వెనక గోడలో వైరు ఎటు పోతోందో ఎవరికీ గుర్తుండదు. గోడ మూయకముందే టేపు కొలత పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. తర్వాతెప్పుడో తువ్వాలు కొక్కెం కోసం డ్రిల్లు పెట్టేటప్పుడు అది పనికొస్తుంది.

పాతదైతే తలుపు తీసి చూడండి. బేసిన్ కింద డ్రైవర్, అడాప్టర్, టేపు జాయింటు ఏది కనబడినా ఎం.సి.బి. దించి, దాన్ని బయటికి మార్పించండి. మార్చేదాకా ఆ దీపం వాడకండి. మా ఇంట్లో డ్రైవర్ ఇప్పుడు కారిడార్‌లో, స్విచ్ బోర్డు పైన ఉంది. ఎలక్ట్రీషియన్‌కు గంటన్నర పని, ఆరు మీటర్ల వైరు ఖర్చయ్యాయి. బేసిన్ కింద అరలో బ్యాటరీ దీపం పెట్టాను. ట్రాప్ వాషర్ మార్చడానికి మాత్రం ప్లంబర్ కోసం పన్నెండు రోజులు ఎదురుచూశాం.

ఇక ఆర్.సి.సి.బి. మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని నొక్కాలి, నొక్కగానే అది టక్కున పడాలి. పడకపోతే అది పనిచేయనట్టే, మార్పించాలి. మా ఇంట్లో దాన్ని నొక్కితే వైఫై కూడా పోతుంది. అందుకని మా అబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష లేని ఆదివారం చూసి నొక్కుతాను.